కెరటం చెక్కిన తీరం

విశాఖపట్నం నుండి తీరం వెంబడి భీమునిపట్నం వెళ్ళేటప్పుడు బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఒకచోట కొండరాయి సముద్రంలోకి పొడుచుకు వస్తుంది, పక్కనే ఇసుకతీరం లోపలికి వంగుతుంది. ఎందుకని?

లోతు తగ్గేకొద్దీ కెరటం నెమ్మదిస్తుంది. రాతిమొన ఎదుట లోతు ముందుగా తగ్గుతుంది కనుక కెరటం అటు వంగి, శక్తినంతా దానిమీదే గుమ్మరిస్తుంది. ఒంపులో ఆ శక్తి పలచబడి ఇసుక నిలుస్తుంది.

మంగమారిపేట వద్ద దిగితే రాతితోరణం కనిపిస్తుంది. ఈ ప్రాంతపు రాయి పేరు ఖొండలైటు. కోదుల పేరుమీద వచ్చింది. కెరటాలు దాని పగుళ్ళను తొలిచి, గట్టిభాగాన్ని వంతెనలా మిగిల్చాయి. ఫోటోల కోసం దానిపైకి ఎక్కేవారిని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది. అడుగున తొలిచే పని ఇంకా ఆగలేదు మరి!

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. ఇసుకరేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు పూతే ఆ ఎరుపు. ఇక్కడ లోయలు కోసేది కెరటం కాదు, వాననీరు.