సమ్మె రోజున రోమ్‌లో

రోమ్ నగరంలోని మెట్రో స్టేషన్ గోడకు అతికించిన ఆ కాగితాన్ని మేము మూడు రోజుల పాటు చూస్తూనే ఉన్నాము. పైన పెద్ద అక్షరాలలో ఒకే ఒక మాట, దాని కింద తేదీ, కొన్ని వేళలు. ఏదో నాటక ప్రదర్శన ప్రకటన కాబోలు అనుకొని దాటిపోయాము. శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు మెట్ల వద్దకు చేరి, మూసి ఉన్న ఇనుప తలుపులను చూసిన తరువాత గాని ఆ మాటకు అర్థం తెలియలేదు. ‘షోపెరో’ అంటే ఇటలీ భాషలో సమ్మె.

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయిని చూసి, తిరుగు దారిలో నాలుగు రోజులు అక్కడ ఆగాము. ఆ రాత్రి పది గంటలకే మా విమానం. డెబ్బై ఏళ్ళు దాటిన అమ్మీజాన్ మా వెంట ఉన్నారు. రోమ్ పెద్ద మస్జిదులో జుమా నమాజు చేసుకోవాలన్నది ఆమె కోరిక. 1995లో ప్రారంభమైన ఆ మస్జిదు నగరానికి ఉత్తరాన ఉన్నది. మెట్రోలో ఫ్లామీనియో వరకు వెళ్ళి, అక్కడ మరొక చిన్న రైలు ఎక్కాలి. ఆ వేళకు రెండూ ఆగిపోయాయి.

అమ్మీజాన్‌ను మెట్ల మీద కూర్చోబెట్టి ఏమి చేయాలో తోచక నిలబడ్డాము. మేము బస చేసిన పియాజ్జా విత్తోరియో ప్రాంతంలో బంగ్లాదేశ్ వారి దుకాణాలు చాలా ఉన్నాయి. మసాలా దినుసులు అమ్మే ఒక సోదరుడు మమ్మల్ని గమనించి, అమ్మీజాన్‌కు కుర్చీ తెచ్చి వేశాడు.

“ఖాలా, భయపడకండి. సాయంత్రం ఐదింటికి మెట్రో మళ్ళీ నడుస్తుంది. ఆరింటికి విమానాశ్రయం రైలు కూడా ఉంటుంది” అన్నాడు హిందీలో.

ఆయనకు అంత ధీమా ఎలా వచ్చిందో తరువాత తెలిసింది. ఇటలీలో 1990 నాటి 146వ చట్టం ప్రకారం రవాణా కార్మికులు సమ్మెకు కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమ్మె రోజున కూడా కొన్ని గంటలు సేవలు నడపాలి. రోమ్ నగర బస్సులకు, మెట్రోకు ఆ వేళలు ఉదయం 8:30 వరకు, తిరిగి సాయంత్రం 5 నుండి 8 వరకు. పని దినాలలో ప్రాంతీయ రైళ్ళకు ఉదయం 6 నుండి 9, సాయంత్రం 6 నుండి 9. విమానాలకు ఉదయం 7 నుండి 10, సాయంత్రం 6 నుండి 9. ఊరు మారితే వేళలు మారుతాయి. మిలాన్‌లో సాయంత్రపు మెట్రో 3 గంటలకే మొదలై 6కు ఆగుతుంది. సమ్మెల పట్టికను రవాణా మంత్రిత్వ శాఖ తన వెబ్‌సైట్‌లో ముందుగానే ఉంచుతుంది. మేము ఇంకొంత ముందు లేచి ఉంటే అమ్మీజాన్ కోరిక తీరి ఉండేది.

మన వారికి సమ్మెలు కొత్త కాదు. 2019 అక్టోబరులో మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. పల్లెల వారు ఆటోల కోసం రోడ్ల మీద పడిగాపులు పడిన రోజులవి. అయితే బస్సు ఏ గంటకు తప్పక వస్తుందో చెప్పే కాగితం అప్పుడు మనకు ఏ గోడ మీదా లేదు. అందుకే గోడ మీది కాగితాన్ని చదివే అలవాటు కూడా మనకు లేదేమో. రోమ్ వాసులు మాత్రం ఎవరినీ దూషించకుండా, కొందరు నడిచి, కొందరు సైకిళ్ళ మీద పనులకు వెళ్ళిపోవడం చూశాము.

టాక్సీ మాట్లాడి మస్జిదుకు వెళదామా అన్న ఆలోచన రాకపోలేదు. వెళ్ళినా, సాయంత్రం లోపు తిరిగి రావడానికి వాహనం దొరుకుతుందన్న నమ్మకం లేదు. టాక్సీ స్టాండు వద్ద వరుస వీధి మలుపు దాటింది. చివరకు అమ్మీజానే తేల్చారు. “ముసాఫిర్ మీద జుమా ఫర్జ్ కాదు కదా బేటా, నా కోసం విమానం పోగొట్టుకోవద్దు” అన్నారు. గదిలో కస్ర్‌గా రెండు రకాతుల జుహర్ చేసుకున్నారు. ఆ దుకాణదారుడు మాత్రం మగవారిని పక్క వీధిలోని చిన్న నమాజు గదికి తీసుకువెళ్ళాడు. అక్కడ జుమా దొరికింది, అల్‌హందులిల్లాహ్.

మా బస తేర్మినీ ప్రధాన స్టేషన్‌కు కాలినడక దూరంలో ఉండడం ఆనాడు మమ్మల్ని ఆదుకున్నది. గది చవక అని ఊరి చివర దిగి ఉంటే ఆ సామానుతో ఏమయ్యేవారమో! ఆరు దాటాక బయలుదేరిన రైలులో నిలబడే చోటు మాత్రమే దొరికింది. ఎవరో అమ్మాయి లేచి అమ్మీజాన్‌కు సీటు ఇచ్చింది. 32 నిమిషాలలో విమానాశ్రయం చేరాము.

విదేశాలలోని మన పిల్లలను చూడబోయే పెద్దలు ఫ్రాన్సు సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడ 2007 నాటి చట్టం వలన సమ్మెలో పాల్గొనే రవాణా ఉద్యోగులు 48 గంటల ముందే తెలియజేయాలి. కాబట్టి ఏ రైళ్ళు నడుస్తాయో ముందు రోజుకే తెలుస్తుంది. డ్రైవరు లేకుండా నడిచే పారిస్ మెట్రో 1, 14 లైన్లు సమ్మెలోనూ సాధారణంగా తిరుగుతాయి. ఇక యూరోపియన్ యూనియన్ నుండి బయలుదేరే విమానం సమ్మె వలన రద్దయితే, అది ఏ దేశపు సంస్థ విమానమైనా సరే, డబ్బు వాపసో మరొక విమానమో కోరే హక్కు మనది. మరొక విమానం కోసం ఆగవలసి వస్తే భోజనం, అవసరమైన చోట రాత్రి బస వారే ఇవ్వాలి. కౌంటరు వద్ద ఎవరూ చెప్పరు, మనమే అడగాలి.

వచ్చే ఏడాది మళ్ళీ రోమ్ వెళ్ళాలని అమ్మీజాన్ పట్టుదల. ఇటలీలో సమ్మెలు తరచు శుక్రవారమే వస్తాయని మా అబ్బాయి చెప్పాడు. అందుకని ఈసారి రెండు జుమాలు కలిసి వచ్చేలా టికెట్లు చూస్తున్నాము. తిరుగు ప్రయాణం మంగళవారం, ఇన్షా అల్లాహ్.