పంజరపు చిలుకయు, చట్టమును

గత సంవత్సరము మా తరగతి బాలు డొకడు పంజరముతో రామచిలుకను పాఠశాలకు తెచ్చెను. అది వానిని పేరుపెట్టి పిలుచుట విని మేమును సంతసించితిమి. అట్టి దానిని పెంచుట నేరమని చెప్పవలసి వచ్చినప్పుడు మాకును కష్టముగనే తోచినది.

1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి, మన చెట్టుతొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, పెంచుటయు కూడదు. నక్షత్ర తాబేలును అట్టిదే. సంతలో బహిరంగముగా నమ్ముచున్నారు గదా యని తల్లిదండ్రు లడుగుదురు. అమ్మువానితోపాటు కొనువాడును దోషియే. చిలుక విషయమున 3 సంవత్సరముల వఱకు చెఱయో, లక్ష రూపాయల వఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

పరదేశపు పక్షుల సంగతి వేఱు. ఆస్ట్రేలియానుండి వచ్చిన బడ్జీలను, కాకటీలులను నమోదు చేయింప నక్కఱలేదు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక యన్ననో, అంతర్జాతీయ వ్యాపారపు ఒడంబడిక పట్టికలో చేరినది. కావున 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమములనుబట్టి, అది చేతికి వచ్చిన 30 దినములలో 'పరివేష్' అను ప్రభుత్వపు వెబ్‌సైటులో తెలిపి నమోదు చేయింపవలెను. అది పిల్లలను చేసినను, చచ్చినను, ఇతరుల కిచ్చినను తెలుపవలసినదే. పరదేశపు పక్షికి దారి యున్నది, పెరటి పక్షికి లేదు; ఇది వింతగా తోచునుగాని, మన యడవులనుండి దొంగిలింపబడునది పెరటి పక్షియే గదా.

"అయిన నిప్పుడే యెగురవేయుదునా?" అని బాలుడు లేచెను. వలదంటిమి. దాని రెక్కలు కత్తిరింపబడియుండెను, కాకులు బ్రదుకనీయవు. మఱునాడు తండ్రితో కూడ దానిని అటవీశాఖవారి కప్పగించితిమి. జామపండు ముక్కలుగా కోసిననే తినునని బాలుడు వారికి రెండుమాఱులు చెప్పెను.