కణం ప్రయాణం కట్టకముందే

జెట్టీ పనులలో నాతో కలిసి పనిచేసిన ఫోర్‌మన్‌గారు ఒకరు ఉండేవారు. తాంబూలం లేనిదే ఆయనకు పొద్దు గడిచేది కాదు. బుగ్గ లోపల తెల్లమచ్చ ఏర్పడినప్పుడు డాక్టరుకు చూపించుకోమంటే, "నొప్పి లేదు కదండీ!" అని నవ్వేసేవారు. కొన్ని నెలలకు దవడ క్రింద, మెడలో గడ్డ కనిపించింది. మచ్చకూ గడ్డకూ గల సంబంధం ఆనాడు మాలో ఎవరికీ తెలియదు.

ఆ సంబంధం పేరు కణాల చలనం. క్యాన్సర్ పుట్టినచోటనే ఉండిపోతే దానిని కోసి తొలగించడం చాలావరకు సాధ్యమే. అది ప్రయాణం కట్టినప్పుడే ప్రమాదం పెరుగుతుంది.

నోటిపొరలోని కణాలను ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ ఇటుకల మధ్య సిమెంటువలె పట్టి ఉంచుతుంది. వ్యాధి ముదిరేకొద్దీ ఆ పట్టు తరచుగా సడలుతుంది. విడివడిన కణాన్ని నడిపించేది యాక్టిన్. 1942లో హంగేరీ శాస్త్రజ్ఞుడు స్ట్రౌబ్ దీనిని కండరంనుండి వేరుచేశారు. యాక్టిన్ పోగులు కణం ముందుభాగాన పెరిగి పొరను ముందుకు నెడతాయి. కోఫిలిన్ పాత పోగులను తుంచుతుంది. మయోసిన్ వెనుకభాగాన్ని లాక్కొస్తుంది. వెనుక పరంజా విప్పి ముందు కట్టుకొంటూ సాగే మన పని వంటిదే ఇదీను. ఇలా నడిచిన కణాలు శోషరస నాళాలలో ప్రవేశించి మెడగ్రంథులను చేరుతాయి.

అయితే ఈ యంత్రాంగాన్ని నిలిపివేయరాదా? ఎర్రసముద్రపు స్పాంజినుండి లభించిన లాట్రంక్యులిన్ యాక్టిన్ కూడికను ఆపగలదు. కాని గాయాలు మానడానికీ, గుండె కొట్టుకోవడానికీ కూడా యాక్టినే ఆధారం. దొంగను ఆపబోయి ఊరివారందరి కాళ్లూ కట్టివేసినట్లవుతుంది.

కనుక మన చేతిలో ఉన్నది ముందుజాగ్రత్తయే. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ప్రకటించింది. వక్కతోటల నడుమ నివసించే మన దీవులవారు ఈ మాటను మరువరాదు. నోటిలో తెలుపు లేదా ఎరుపు మచ్చ, పుండు రెండు వారాలలో మానకపోయినా, నోరు తెరవడం కష్టమైనా వెంటనే వైద్యులకు చూపించుకోవాలి.

ఫోర్‌మన్‌గారు చెన్నైలో శస్త్రచికిత్స చేయించుకొని బ్రతికి వచ్చారు. కాని ఆయన మాట మునుపటివలె లేదు. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన మన శ్రీ విజయపురంనుండి చెన్నైకి ఓడలో మూడు రోజుల ప్రయాణం. బుగ్గనుండి మెడకు కణం వెళ్లవలసినది కొద్ది అంగుళాలే. దానికంటే ముందు మనం బయలుదేరాలి.