పీఠ మొక్కటి, పోపులు మువ్వురు

2025వ సంవత్సరము మే 8వ తేదీని రోమునగరమున 133 గురు కార్డినలులు మూసిన తలుపుల వెనుక రహస్యముగ ఓట్లు వేసి 14వ లియోను పోపుగ నెన్నుకొనిన వార్త పాఠకమహాశయులకు జ్ఞప్తియందుండును. మూడింట రెండు వంతుల ఓట్లు పొందినగాని యెవ్వరును ఆ పీఠము నధిష్ఠింప వీలులేదు. రాజులకుగాని, ప్రభుత్వములకుగాని ఆ గదిలో మాట లేదు. ఈ కట్టుబాటు సుకరముగ లభించినది కాదు. ఆ పీఠము అంగటి సరకై, పిమ్మట పరాధీనమై, పెక్కు అవమానముల పాలైన పిదప ఏర్పడినది. ఒక మతమును నిందించుట మా యుద్దేశముగాదు. ఏ సంస్థ కైనను పట్టదగిన వ్యాధి ఇందు విస్పష్టముగ గానవచ్చుటచే ఈ కథను స్మరించుచున్నాము.

11వ శతాబ్దారంభమున రోమునగరము కొన్ని ప్రభుకుటుంబముల చేతిలో జిక్కియుండెను. అందు టస్కులము ప్రభువులు ప్రబలులు. వారి యింటివాడగు 8వ బెనెడిక్టు 1012లో పోపయ్యెను. 1024లో నాతడు గతింపగా తమ్ముడు 19వ జాన్ అను పేర పీఠమెక్కెను. 1032లో నితడును గతింపగా వీరి సోదరుని కుమారుడు థియోఫిలాక్టు 9వ బెనెడిక్టు అయ్యెను. తండ్రి ధనము వెదజల్లి కుమారునకీ పదవిని సంపాదించెనని ప్రతీతి. అప్పటి కాతడు పండ్రెండేండ్ల బాలుడని ఒక సన్న్యాసి వ్రాసెనుగాని, ఇరువది యేండ్ల ప్రాయమువాడై యుండునని నేటి చరిత్రకారుల తలంపు. ప్రాయ మెంతయైన నేమి? పీఠము పినతండ్రులనుండి దాయముగ వచ్చిన మాన్యమువలె చేతులు మారినది. ఆతని నడవడి చెప్పుటకే జంకు కలుగుచున్నదని, తరువాత 3వ విక్టరను పేర పోపైన మఠాధిపతియే వ్రాసెను.

1044లో రోమునగరవాసులు తిరుగబడి బెనెడిక్టును వెడలగొట్టిరి. 1045 జనవరిలో ప్రత్యర్థి పక్షమువారు సబీనా బిషప్పును 3వ సిల్వెస్టరు అను పేర నిలిపిరి. కొలది కాలమునకే బెనెడిక్టు బలముతో మరలివచ్చి వానిని తరిమెను. ఆ వెనుక మే నెలలో లోక మెరుగని బేరమొకటి జరిగినది. బెనెడిక్టు గొప్ప ధనరాశిని గ్రహించి, తనకు జ్ఞానతండ్రియైన జాన్ గ్రాషియన్ అను పురోహితునకు పోపు పదవిని విడిచిపెట్టెను! అతడు 6వ గ్రెగరీ యయ్యెను. కొంతకాలమునకు బెనెడిక్టు మనసు మార్చుకొని పీఠము తనదే యనెను. సిల్వెస్టరును తన హక్కు వదలలేదు. పీఠ మొక్కటి, పోపులు మువ్వురు!

ఇచ్చట పాఠకులు కొంచెము నిలిచి యోచింపవలయును. గ్రాషియన్ దుర్మార్గుడు కాడు. సచ్చరిత్రుడని పేరొందినవాడు. దుష్టుని చేతినుండి పీఠమును తప్పించుటకే ధనము వ్యయపరచెనని పలువురు నమ్మిరి. సంస్కారప్రియుడైన పీటర్ డామియన్ వంటివాడు సైత మాతని రాకను హర్షించెను. అయినను కొన్నది కొన్నదే. సదుద్దేశముతో చెల్లించిన లంచమును లంచమే. ఆ యొక్క దోషమే పరుల కాయుధమైనది.

1046లో జర్మను రాజు 3వ హెన్రీ సైన్యసమేతుడై ఇటలీలో ప్రవేశించెను. డిశంబరు 20వ తేదీని రోమునకు ఉత్తరముననున్న సూత్రి పట్టణమున సభ కూర్చెను. సిల్వెస్టరు పదభ్రష్టుడయ్యెను. పదవిని కొన్న గ్రెగరీయు దిగిపోవలసివచ్చెను. నాలుగు దినములకు రోమున బెనెడిక్టునకును అదే గతి పట్టెను. హెన్రీ తన దేశపు బాంబెర్గు బిషప్పును 2వ క్లెమెంటుగ నెన్నికచేయించి, క్రిస్మసునాడు అతనిచేతనే చక్రవర్తి కిరీటమును ధరించెను. పోపుల యెన్నికలో ముందుమాట తనదగు బిరుదమును సైతము సంపాదించెను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన దనగా నిదియే.

హెన్రీ యెడ అన్యాయముగ పలుకరాదు. ఆయన ధనమునకు పదవు లమ్మలేదు. ఆయన పంపిన 9వ లియో ఉత్తముడు. అయినను లీయేజ్ బిషప్పు వాజో, పోపును విచారించు నధికారము రాజునకు లేదని నిర్భయముగ పలికెను. తీర్పు మంచిదా చెడ్డదా యను ప్రశ్న వేరు. తీర్పరి కధికార మున్నదా యను ప్రశ్న వేరు. మంచిరాజు సంపాదించిన హక్కు ఆయనతో పోదు, వెనుక వచ్చువానికిని సంక్రమించును.

ఈ మర్మమును గ్రహించినవారిలో ప్రథముడు 9వ లియోయే. 1049లో రాజు నియమించిన మాత్రమున పోపును గానని, యాత్రికునివలె రోమున కేతెంచి, పురజనుల యంగీకారము పొందిన పిదపనే పీఠమెక్కెను. గ్రెగరీతో ప్రవాసమున కేగిన హిల్డెబ్రాండు అను యువకుడు ఆయన వెంట మరలివచ్చెను. 1056లో హెన్రీ మరణింపగా ఆయన కుమారుడు ఆరేండ్లు నిండనివాడు. సమయము కనిపెట్టి 1059లో 2వ నికొలాసు పోపు నెన్నుకొనుటలో ముఖ్యాధికారము కార్డినలులదేయని శాసనముచేసెను. హిల్డెబ్రాండు 1073లో 7వ గ్రెగరీ అయ్యెను. 1077లో ఆ బాలుడే, 4వ హెన్రీ, కనోస్సా కోటవాకిట మంచులో మూడు దినములు నిలిచి ఈతని క్షమాపణ వేడెను.

జయము మాత్ర మంతటితో పూర్తికాలేదు. 1084లో హెన్రీ రోమును బట్టి తన పోపును నిలిపెను. గ్రెగరీ మరుసటి యేడు సలెర్నోలో ప్రవాసిగనే కన్నుమూసెను. మూడింట రెండు వంతుల నియమము 1179లో వచ్చినది. 1903లో గూడ ఆస్ట్రియా చక్రవర్తి ఒక కార్డినలుపేర రంపొల్లా యెన్నికకు అభ్యంతరము చెప్పింపగలిగెను. 1904లో 10వ పయసు అట్టి జోక్యమును నిషేధించెను.

పరుని పిలిచి యిల్లు శుభ్రపరచుకొనువారు ఈ లెక్కను గుర్తుంచుకొందురుగాక. సూత్రిలో తీర్పు చెప్పుటకు పట్టిన కాలము కొన్ని దినములు. ఆ జోక్యపు వాకిలి పూర్తిగ మూయుటకు పట్టినది ఎనిమిదివందల యేండ్లకు మించిన కాలము. పదవులను కుటుంబముల సొత్తుగానీయక, మంచి పేరను గూడ కొననీయక, ఎన్నిక విధులను ముందే నిర్ణయించుకొనిన సంస్థకు పరుల తీర్పుతో నిమిత్తముండదని మా దృఢాభిప్రాయము.