సోషల్ మీడియా గురించి మాట్లాడేవాళ్లు ఏం చెప్పాలి?

టీవీ చర్చల్లో, పత్రికల అభిప్రాయ పేజీల్లో కొన్నేళ్లుగా సోషల్ మీడియా వ్యాఖ్యాత అనే నిపుణుడు స్థిరపడ్డాడు. ఏదో వీడియో వైరలైనా, పిల్లల ఫోన్ వాడకంపై సర్వే వచ్చినా స్టూడియో నుంచి పిలుపు వెళ్తుంది. మాట్లాడేందుకు దొరికేది రెండు మూడు నిమిషాలు. అడిగేది మాత్రం ఒకటే: ఇది మంచిదా, చెడ్డదా? తడుముకోకుండా జవాబిచ్చేవారికే మళ్లీ పిలుపొస్తుంది. ఈ వృత్తిని చెడగొడుతున్నది అదే. వినేవారికి తీర్పు కన్నా ముందు, ఇదంతా ఎలా పనిచేస్తుందో విప్పి చెప్పే మనిషి కావాలి.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు నమ్మి దేశంలో పలుచోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. అప్పుడు చేతులు మారిన వీడియోల్లో ఒకటి కరాచీలో ఓ స్వచ్ఛంద సంస్థ కోసం తీసిన అవగాహన చిత్రం. వీధిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గరికి బైకు వస్తుంది, ఒక పిల్లాణ్ని ఎత్తుకుని వెళ్లిపోతుంది. అసలు చిత్రంలో అదే బైకు తిరిగొచ్చి వాణ్ని దింపేస్తుంది, బైకు మీదివాళ్లు పిల్లలు జాగ్రత్త అని హెచ్చరించే బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి పంపారు. వాట్సాప్ ప్రమాదకరమని మాత్రమే విన్నవారికి అలాంటి వీడియో మళ్లీ వస్తే ఏం చేయాలో తోచదు. ఎక్కడ కోశారో ఒకసారి చూసినవారికి తోస్తుంది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి డప్పులతో, పాటలతో అలాంటి వదంతులను నమ్మొద్దని చెప్పించారు. వాట్సాప్ కూడా అదే ఏడాది మన దేశంలో ఒక ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు పరిమితం చేసింది. 2020లో బాగా చేతులు మారిన సందేశాలను ఒక్క చాట్‌కే కుదించాక అవి 70 శాతం తగ్గాయని కంపెనీయే ప్రకటించింది. కాబట్టి తప్పంతా జనం అమాయకత్వానిదే అనడం అన్యాయం. ఒక్క నొక్కుతో ఎందరికి పంపవచ్చన్నది కంపెనీ పెట్టిన అమరిక.

పిల్లల మానసిక ఆరోగ్యం విషయం ఇంకా చిక్కు. 2019లో పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ మూడున్నర లక్షల మందికి పైగా టీనేజర్ల సర్వేలను పరిశీలించారు. వారి క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది 0.4 శాతానికి మించలేదు. 2024లో మనస్తత్వవేత్త జోనథన్ హైట్ తన పుస్తకంలో, ఈ తరం కుంగుబాటుకు స్మార్ట్‌ఫోన్‌తో గడిచే బాల్యమే ప్రధాన కారణమని వాదించాడు. ఈ రెండింటిలో ఏదో ఒకటి పట్టుకుని స్టూడియోకి వెళ్లడం సులువు. సగటు ప్రభావం చిన్నదైనంత మాత్రాన ప్రతి పిల్లకూ నష్టం చిన్నదే అనలేమనీ, ఫోన్ వాడకం, కుంగుబాటు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదనీ చెప్పడమే కష్టం. నిజాయితీ గల వ్యాఖ్యాత ఆ కష్టం పడాలి.

ఇలా తూచి మాట్లాడుతూ కూర్చుంటే లాభపడేది కంపెనీలేనని కొందరంటారు. ఈ అభ్యంతరం బరువైనదే. సాక్ష్యం పూర్తిగా తేలకపోయినా ప్రభుత్వాలు నిర్ణయాలు తీసుకోక తప్పదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. కానీ కంపెనీలను ఇబ్బంది పెట్టేది గట్టి తిట్టు కాదు, వివరం. ఇన్‌స్టాగ్రామ్ కొందరు అమ్మాయిల్లో తమ శరీరం గురించిన బాధను పెంచుతోందని సంస్థ సొంత పరిశోధనే చెప్పినట్టు 2021లో ఆ సంస్థ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల్లో ఉంది. చెడ్డదంటే, మంచీ ఉందని కంపెనీ ప్రతినిధి దాటేస్తాడు. రీళ్లు ఆగకుండా వాటంతటవే ఎందుకొస్తున్నాయి, ఎవరు అలా పెట్టారు అని అడిగితే అంత తేలిగ్గా దాటేయలేడు. ఆ ప్రశ్నలకు ఆధారం కావాలి. ఏ పోస్టు ఎంత వ్యాపిస్తోందో బయటివారు చూసేందుకు వాడిన సాధనం క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్ మాతృసంస్థ మెటా మూసేసింది. ఆ సమాచారం మళ్లీ అందుబాటులోకి రావాలని పట్టుబట్టడం కూడా వ్యాఖ్యాత పనే.