పాట స్కేల్ ఎంత? మీ చెవినే అడగండి!

కీబోర్డు వాయించడం వచ్చు. యూట్యూబ్ చూసి పాతిక పాటలు నేర్చుకున్నారు. స్నేహితుడి ద్వారా ఓ ఆర్కెస్ట్రాలో అవకాశం వచ్చింది, వెళ్లారు. అక్కడ గాయని మీరెప్పుడూ వాయించని పాట అందుకుని, పల్లవి రెండు లైన్లు పాడి ‘ఇదీ నా శ్రుతి, కానివ్వండి’ అన్నారు. చేతిలో కాగితం లేదు, ఫోన్ తీసి చూసుకునే టైమ్ లేదు. మీ వేళ్లు ఏ మెట్టు మీద పడాలి?

మళ్లీ మీకు ఫోన్ వస్తుందా, రాదా అన్నది చాలావరకు ఆ కొద్ది సెకన్లలోనే తేలిపోతుంది. వేగంగా వాయించేవాళ్లు చాలామందే దొరుకుతారు. విన్న వెంటనే స్కేల్ పట్టుకుని గాయకులకు అండగా నిలిచేవాళ్లు తక్కువ. సంగీతంలో నాలుగు డబ్బులు సంపాదించుకోవాలని చూస్తున్నవారు ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

పుట్టుకతో రావాలా?

అక్కర్లేదు. ఏ శబ్దం విన్నా ‘ఇది ఎఫ్ షార్ప్’ అని ఠక్కున చెప్పేవాళ్లుంటారు. దాన్ని పర్ఫెక్ట్ పిచ్ అంటారు. అది చాలా అరుదు. పనికి కావాల్సింది అది కాదు. ఒక స్వరం నుంచి మరో స్వరం ఎంత దూరంలో ఉందో పోల్చుకోగలిగితే చాలు. దీన్ని రిలేటివ్ పిచ్ అంటారు. ఇది సాధనతో వస్తుంది.

ముందు ఒక్క సంగతి అర్థం చేసుకోండి. పిట్ట ఎక్కడెక్కడ తిరిగినా పొద్దుగూకేసరికి గూటికి చేరుతుంది. పాట కూడా అంతే. ఎన్ని స్వరాలు తిరిగినా ఒక స్వరం దగ్గరికొచ్చి కుదురుగా కూర్చుంటుంది. అదే షడ్జమం.. మన ‘స’. స్కేల్ కనుక్కోవడమంటే ఆ గూడు ఎక్కడుందో కనుక్కోవడమే.

నాలుగు అడుగుల్లో..

1. ఆపండి, కూనిరాగం తీయండి: పల్లవి పూర్తయ్యే చోట పాట ఆపేయండి. ఏ స్వరం దగ్గర ‘అమ్మయ్య, పూర్తయింది’ అనిపిస్తుందో ఆ స్వరాన్ని ‘ఊఁ’ అని పట్టుకోండి. ఇప్పుడు పాట మళ్లీ పెట్టి, తంబూరా మోగినట్టు అదే స్వరాన్ని కింద కొనసాగించండి. పాట ఎటు తిరిగినా చివరికి మీ స్వరంలో కలిసిపోతుంటే అదే ‘స’. కలవకుండా వేలాడుతున్నట్టుంటే ఇంకో స్వరం ప్రయత్నించండి.

2. మెట్టు వెతకండి: కూనిరాగం వదలకుండా కీబోర్డు మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ వెళ్లండి. తెల్లవి 7, నల్లవి 5.. మొత్తం 12 మాత్రమే. మీ గొంతుతో కలిసిన మెట్టు పేరే స్కేల్ పేరు. అది కింది స్థాయిలో దొరికినా, పై స్థాయిలో దొరికినా పేరు ఒకటే.

3. మేజరా, మైనరా?: దీన్ని తేల్చేది గాంధారం. ‘స’ని వదిలేసి, నల్లవీ తెల్లవీ కలిపి పైకి లెక్కపెట్టండి. నాలుగో మెట్టు పాటలో ఇమిడితే మేజర్, మూడోది ఇమిడితే మైనర్. ‘స’ సి అయితే, ఇ కలిస్తే సి మేజర్, డి షార్ప్ కలిస్తే సి మైనర్. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇది అంతర గాంధారం, సాధారణ గాంధారం మధ్య తేడా.

4. కార్డ్‌లతో సరిచూడండి: సి మేజర్ అనుకుంటే సి, ఎఫ్, జి కార్డ్‌లు వేసి చూడండి. పల్లవి చాలావరకు వీటితో నడుస్తూ, సి దగ్గరికి రాగానే స్థిమితపడితే మీ లెక్క సరైనట్టే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ గిటార్‌ని గమనించడం కూడా మంచి గుర్తు. పల్లవి మొదటి దెబ్బకి బేస్ ఎక్కువగా ‘స’ మీదే ఉంటుంది.

ఇక్కడే బోల్తా పడతారు!

‘మొదటి స్వరమో, చివరి స్వరమో చూస్తే స్కేల్ తెలిసిపోతుంది’ అని చాలామంది చెబుతుంటారు. ప్రతిసారీ అది నిజం కాదు. మన జాతీయ గీతమే తీసుకోండి. మొదలయ్యేది ‘స’ మీదే. కానీ మొదటి పాదం చివర ‘మ’ మీద నిలుస్తుంది, రెండో పాదం చివర ‘స’ మీద కూర్చుంటుంది. గీతం ముగిసేది మాత్రం మళ్లీ ‘మ’ మీదే. చివరి స్వరాన్నే నమ్ముకుంటే సి లో ఉన్న గీతాన్ని ఎఫ్ అనేస్తారు. అందుకే ఒక్క స్వరాన్ని కాదు, మొత్తం నడకను వినాలి.

ఆ గీతానికి మన నేలతో ఓ అనుబంధం కూడా ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కించారు. పాట విని స్వరాలు రాసుకోవడం.. మీరు ఇప్పుడు నేర్చుకోబోతున్న పనీ అదే.

రెండో బోల్తా.. ఏయే స్వరాలు వాడారో చూసి స్కేల్ చెప్పేయడం. కీబోర్డు మీద నల్లమెట్లు మాత్రమే వాయించి చూడండి. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదాన్ని ‘స’ అనుకుంటే మోహనం. రెండోదాన్ని ‘స’ అనుకుంటే మధ్యమావతి. మూడోదాన్ని అనుకుంటే హిందోళం! మెట్లు అవే అయిదు. గూడు మారితే రాగమే మారిపోయింది. సి మేజర్, ఎ మైనర్ కూడా ఇలాంటి జంటే. రెండింటికీ ఏడు తెల్లమెట్లే. పాట సి దగ్గర సేదతీరుతోందా, ఎ దగ్గరా అన్నది మీ చెవే తేల్చాలి.

మూడోది.. మధ్యలో స్కేల్ మారడం. కొన్ని పాటల్లో ఆఖరి చరణానికి ఊపు తేవడానికి అర మెట్టో, ఒక మెట్టో పైకి లేపుతారు. పల్లవిలో ఒకసారి, చివర్లో ఒకసారి సరిచూసుకోండి.

నాలుగోది.. పాత రికార్డింగులు. పక్కపక్క మెట్ల మధ్య కంపనాల తేడా దాదాపు 6 శాతం. టేపు వేగంలో 3 శాతం తేడా వచ్చిందంటే పాట రెండు మెట్లకూ సరిగ్గా మధ్యలో పడుతుంది. మీ చెవిలో లోపం లేదు. కీబోర్డు ట్యూనింగ్‌ని 440 హెర్ట్జ్ నుంచి కాస్త అటూ ఇటూ జరిపితే కలుస్తుంది.

దొరికాక ఏం చేయాలి?

మన గాయకుల్లో చాలామంది సి, డి అనరు. ‘ఒకటి శ్రుతి’, ‘ఐదున్నర’ అంటారు. ఆ లెక్క తెలియకపోతే స్టేజీ మీద తెల్లమొహం వేయాల్సిందే. తెల్లమెట్లు సి నుంచి వరసగా 1, 2, 3.. బి వచ్చేసరికి 7. మధ్యలోని నల్లమెట్లు ‘న్నర’లు. సి షార్ప్ ఒకటిన్నర, ఎఫ్ షార్ప్ నాలుగున్నర. మగవారు ఎక్కువగా 1, 2 మధ్య, ఆడవారు 5, 6 మధ్య పాడుతుంటారు.

అంటే ఒక గాయకుడు సి లో పాడిన పాటను రేపు ఓ గాయని జి లో అడగొచ్చు. సి, ఎఫ్, జి అని కార్డ్‌లు బట్టీపట్టినవారు అక్కడ తడబడతారు. 1, 4, 5 అని అంకెల్లో గుర్తుపెట్టుకున్నవారు వెంటనే జి, సి, డి వేసేస్తారు. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ ఎన్ని మెట్లు జరపాలో దానికి చెప్పాల్సింది మీరే. తర్వాతి పాటకు దాన్ని మళ్లీ సున్నాకు తేవడం మరిచిపోతే అంతే సంగతులు! శ్రుతి ఒక మెట్టు ఎక్కువైనా ఇబ్బంది పడేది పాడేవారి గొంతు. వాళ్ల గొంతుకు కష్టం లేకుండా చూసేవారినే వాళ్లు మళ్లీ పిలిపించుకుంటారు.

యాప్ చెప్పేస్తుందిగా!

స్కేల్ చెప్పే యాప్‌లు ఉన్నాయి. ఇంట్లో సరిచూసుకోవడానికి పనికొస్తాయి. అయితే సి మేజర్, ఎ మైనర్ లాంటి జంటల దగ్గర అవీ పొరబడతాయి. ముందు మీ జవాబు రాసుకుని, ఆ తర్వాతే యాప్ చూడండి. అది తాళం చెవి కాదు, జవాబుల పుస్తకం అనుకోండి.

అవకాశాలు ఎక్కడ?

పెళ్లి సంగీత్‌లు, ఆర్కెస్ట్రాలు, చర్చి క్వయర్లు, సంగీతం ట్యూషన్లు.. అన్నిచోట్లా ఇది పనికొస్తుంది. స్టూడియోల్లో ప్రోగ్రామర్లు ఫోన్‌లో పాడి పంపిన ట్యూన్‌కి కార్డ్‌లు కట్టాలి. గొంతు సరిచేసే సాఫ్ట్‌వేర్‌కి ముందు స్కేల్ చెప్పాలి. తప్పు చెబితే అది సరైన స్వరాన్ని కూడా పక్కకు లాగేస్తుంది. డీజేలు ఒక పాటలోంచి మరో పాటలోకి వెళ్లేటప్పుడు స్కేల్స్ కలుస్తాయో లేదో చూసుకుంటారు.

ఒక్కమాట. స్టేజీ ఆదాయం నెల జీతంలా క్రమంగా రాదు. సీజన్‌లో ఉంటుంది, ఆ తర్వాత ఉండకపోవచ్చు. డిగ్రీ వదిలేయకుండా పక్కన మొదలుపెట్టడం మంచిది. పద్ధతిగా నేర్చుకోవాలంటే 1919లో మొదలైన విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల, హైదరాబాద్‌లోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉన్నాయి. పాశ్చాత్య సంగీతానికి ఏబీఆర్‌ఎస్‌ఎం, ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు ఉన్నాయి. వాటిలో వినికిడి పరీక్షలూ ఉంటాయి.

నెల రోజుల ప్రణాళిక

* మొదటి వారం: రోజుకు మూడు పాటలు. ‘స’ మాత్రమే పట్టుకోండి.
* రెండో వారం: ‘స’తో పాటు మేజరా, మైనరా చెప్పండి.
* మూడో వారం: 1, 4, 5 కార్డ్‌లతో పల్లవి వాయించండి.
* నాలుగో వారం: అదే పల్లవిని మరో రెండు స్కేళ్లలో వాయించండి. పాడే స్నేహితులుంటే వాళ్లను ఇష్టమొచ్చిన శ్రుతిలో అందుకోమనండి.

ఓ నోట్‌బుక్ పెట్టుకుని పాట పేరు, మీ జవాబు, అసలు జవాబు రాయండి. ఎక్కడ తప్పారో కూడా రాయండి. నెలాఖరుకి అందులో తొంభై పాటలుంటాయి. మీరు ఎక్కువగా తప్పుతున్నది మేజర్, మైనర్ దగ్గరా, గూడు దగ్గరా అన్నది ఆ పేజీలే చెబుతాయి. తర్వాతి నెల సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి.