చీనా ఎర్ర చాయ్ కొనబోయే ముందు

మన ఇళ్ళలో చాయ్‌కి వేళంటూ లేదు. చుట్టాలొచ్చినా, జుమా నమాజు నుంచి తిరిగొచ్చినా పొయ్యిమీద గిన్నె పెట్టవలసిందే. దేవరాపల్లిలోనైనా, చోడవరంలోనైనా మనం కొనేది డస్టు పొడి. పాలు, పంచదార పడితేనే అది చాయ్ అనిపించుకుంటుంది. ఆకు రుచి ఎలా ఉంటుందని అడిగితే మనలో చాలామంది జవాబు చెప్పలేం. 1930లలో అస్సాంలో పుట్టిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చీల్చి, చిన్న రేణువులుగా చుట్టేస్తుంది. ఆ రేణువులు ఇచ్చే ఘాటు పాలకు సరిగ్గా సరిపోతుంది. అందుకు దాన్ని తప్పు పట్టనక్కరలేదు.

ఇప్పుడు గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు తెచ్చిన డబ్బాల్లోనూ, ఫోన్లో తెప్పించుకునే సరుకులోనూ చైనా టీలు మన ఊళ్ళకు వస్తున్నాయి. చిన్న డబ్బా ఖరీదులో ఇంటికి నెలకు సరిపడా డస్టు వస్తుంది. దాన్ని తీసుకెళ్ళి పాలలో మరిగిస్తే డబ్బు పొయ్యిలో పోసినట్టే.

నిజానికి చైనా మనకు కొత్త కాదు. వారి 'చా' పారశీకుల నోట 'చాయ్' అయి మన దస్తర్‌ఖాన్ మీదికి వచ్చింది. ఫుజియన్ తీరంలో అదే ఆకును 'తే' అంటారు. డచ్చివారి ఓడలెక్కి లోకమంతా తిరిగిన ఆ మాటే మన 'తేయాకు'లో ఉంది. మనం బ్లాక్ టీ అనేదాన్ని వారు ఎర్ర టీ అంటారు. కషాయం రంగు చూస్తే వారి మాటే సబబుగా తోస్తుంది.

కొత్తవారు ఎక్కడ మొదలుపెట్టాలి? యున్నాన్ అంటాం మేము. అక్కడి ఎర్ర టీని ద్యెన్ హోంగ్ అంటారు. 1938-39లో ఫెంగ్‌చింగ్ ప్రాంతంలో దీని తయారీ మొదలైంది. అక్కడి పెద్దాకు మొక్క మన అస్సాం మొక్కకు దగ్గరి చుట్టం. అందువల్ల నాలుకకు మరీ పరాయిగా తోచదు. తేనె వాసన, కాస్త తియ్యదనం ఉంటాయి. ఆ రాష్ట్రంలో హుయీ ముస్లింలు తరతరాలుగా ఉన్నారు. కంచరగాడిదల బిడారులతో కొండదారుల్లో టీ మోసిన వర్తకుల్లో వారూ ఉన్నారు.

రెండోది అన్‌హుయీ రాష్ట్రపు కీమున్. 1875 ప్రాంతం నుంచి తయారవుతోంది. పూలవాసన, సన్నని రుచి. ఘాటుకు అలవాటుపడిన నోటికి మొదట చప్పగా అనిపించవచ్చు, తొందరపడవద్దు. లాప్‌సాంగ్ సూచోంగ్ వుయీ కొండలది. పాత పద్ధతిలో పైన్ కట్టెల పొగమీద ఆరబెడతారు. పొగవాసన గిట్టనివారు పొగపెట్టని రకం అడగాలి, అదీ దొరుకుతుంది.

ఇక జిన్ జున్ మెయ్. 2005లో వుయీ కొండల్లోని తోంగ్‌ము గ్రామంలో తయారైంది. అంతా లేత మొగ్గలే కనుక ఖరీదెక్కువ, నకళ్ళూ ఎక్కువే. కొత్తవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

అనకాపల్లి బెల్లం ఎరిగిన మనకు ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లగా మెరిసే దిమ్మ హైడ్రోస్ వేసినదీ కావచ్చు. టీలో బంగారు మొనలూ అంతే. అవి లేత మొగ్గలకు గుర్తేగాని రుచికి హామీ కాదు. చెరకు రైతు బెల్లాన్ని విరిచి, వాసన చూసి, నోట్లో వేసుకుంటాడు. టీకీ అదే పరీక్ష. ఏ సంవత్సరపు కోత, ఏ ప్రాంతం అని అడగండి. చెప్పలేని దుకాణంలో కొనకండి. మొదట పాతిక, యాభై గ్రాములు చాలు. కాచిన తర్వాత తడి ఆకును వేళ్ళతో విప్పి చూడండి. మంచిదైతే ఆకు చాలావరకు చిరగకుండా విచ్చుకుంటుంది.

కాచడం కష్టమేమీ కాదు. నీళ్ళు మరిగాక దించి, నిమిషం ఆగి, గ్లాసు నీటికి చిన్న చెంచాడు ఆకు వేసి మూతపెట్టాలి. మూడు నిమిషాలు దాటనివ్వకుండా వడకట్టాలి. అదే ఆకు ఇంకో రెండుసార్లు పనికొస్తుంది. సులేమానీ తాగే అలవాటున్నవారికి పాలు లేని చాయ్ వింత కాదు. కాకపోతే నిమ్మకాయ, పుదీనా మొదటి గుక్కకు పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఎవరిష్టం వారిది. మిగిలిన ఆకును గాలి చొరని డబ్బాలో పోసి, గరంమసాలాకు ఎడంగా ఉంచండి. తేయాకు పక్కవాసనను ఇట్టే పట్టేస్తుంది.